ఎక్సర్‌సైజ్ పుస్తకం కొనేముందు వెనక నుంచి తెరవండి

మా ఇంట్లో టీవీ కింద సొరుగులో పదకొండు పుస్తకాలున్నాయి, అన్నీ ఒళ్లు వంచడానికి సంబంధించినవే, రన్నింగ్, జిమ్ము, యోగా, ట్రెక్కింగు, ఒకటైతే ఈత మీద (నాకు ఈత రాదు, అది చదివాక కూడా రాలేదు). మొన్న దసరాకి ఇల్లు దులుపుతూ మా ఆవిడ అవన్నీ బయటేసి "ఇన్ని కొన్నారు, అట్ట మీదున్నాయన పొట్టకీ మీ పొట్టకీ పోలికే లేదేంటండీ" అంది. నా దగ్గర సమాధానం లేదు కాబట్టి అక్కడే నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశా. పదకొండులో నాలుగే నలిగాయి, చెమట మరకలు, మడిచిన మూలలు, ఊడొచ్చిన పేజీలు. మిగతా ఏడూ బీరువాలో దాచిన పట్టుచీరల్లా మడత చెదరకుండా ఉన్నాయి. ఆ ఏడింటి మీద నాకు మూడు వేల పైనే వదిలింది, ఇంకొకళ్ళకి వదలకుండా ఉంటుందేమో అని రాస్తున్నా.

ముందు నలగని వాటి సంగతి. అన్నిటికన్నా ఎక్కువ పెట్టి కొన్నది ఒక పన్నెండు వారాల ప్లాను పుస్తకం, పేరు చెప్పను, నున్నటి కాగితం, పేజీ తిప్పితే కండలు. మొదటి సోమవారం పొద్దున్నే ఓట్సు, బ్లూబెర్రీలు, ఆరు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం కీన్వా, సాల్మన్ చేప. కూకట్‌పల్లి రైతుబజార్లో బ్లూబెర్రీలు ఉన్నాయా అనడిగితే ఆవిడెవరో నేరేడుపళ్ళ బుట్ట ముందుకి జరిపింది. సర్లే తిండి మనకి తోచినట్టు తిందాంలే అనుకుని ఎక్సర్‌సైజులకి వెళ్తే మా గల్లీ జిమ్ములో లేని మెషిన్లు నాలుగు. అయినా నాకు కోపం వచ్చింది వీటికి కాదు. నాలుగో వారంలో జ్వరమొచ్చి ఎనిమిది రోజులు మంచం మీదున్నా, లేచాక పుస్తకం తీసి ఇప్పుడెక్కడ మొదలెట్టాలి, అయిదో వారమా, మళ్ళీ ఒకటో వారమా, బరువు ఎంత తగ్గించాలి అని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికితే దాని గురించి ఒక్క ముక్క లేదు. రాసినాయన లోకంలో జ్వరాలు రావు, మేనమామ కూతురి పెళ్ళి ఉండదు, ఆఫీసులో నెలాఖరు ఉండదు.

అప్పట్నుంచీ షాపులో ఏ పుస్తకం తీసినా వెనక నుంచి తెరుస్తున్నా. ముందు పేజీల్లో అందరూ హుషారుగానే రాస్తారు, ఎవరైనా మీరు చేయగలరు అనే అంటారు. వెనక ఇండెక్సులో నొప్పి, గాయం, విశ్రాంతి, మధ్యలో మానేస్తే ఏంటి, ఈ మాటలకి ఎన్ని పేజీలు చూపించాడో చూస్తా. అసలు ఇండెక్సే లేకపోతే అక్కడే పెట్టేస్తా.

ఈ లెక్కన నేను కొన్న వాటిలో మొదటి మార్కు జాక్ డేనియల్స్ రాసిన 'డేనియల్స్ రన్నింగ్ ఫార్ములా'కి. అదే పేరుతో విస్కీ ఉంది కదా, వినగానే మా బావమరిది కళ్ళు మెరిశాయి, కాదురా బాబూ ఈయన రన్నింగ్ కోచ్, 1956 ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటథ్లాన్‌లో (అయిదు ఆటలు కలిపిన పోటీ) అమెరికా టీంకి మెడల్ తెచ్చినాయన అని చెబితే నీరసపడిపోయాడు. నా కాపీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది, మూడొందలన్నాడు, నూట ఎనభైకి తెగింది. ఇంటికొచ్చి చూస్తే పాత ఓనరు పెన్సిల్‌తో ప్లాను పక్కన టిక్కులు పెట్టుకున్నాడు, చక్కగా, రోజూ. మూడో వారం గురువారం దగ్గర ఆఖరి టిక్కు. ఆ తర్వాత ఖాళీ.

తమాషా ఏంటంటే ఆయనకి కావాల్సిన చాప్టరు అదే పుస్తకంలో ఉంది. పరుగు మానేసి ఎన్ని రోజులైతే ఎంత తగ్గించి మొదలుపెట్టాలో టేబుల్ వేసి మరీ ఇచ్చారు, అయిదు రోజుల దాకా మానేస్తే అసలు పట్టించుకోనక్కర్లేదు, నాలుగు వారాలు మానేసినా ఎంతో మునిగిపోయేదేం ఉండదు, దానికీ లెక్క ఉంది. ఆ పేజీలు మాత్రం వేలిముద్ర కూడా పడకుండా ఉన్నాయి. పాపం.

ఈ పుస్తకం అసలు బలం స్పీడు లెక్కలు. మీరీమధ్య పరిగెత్తిన రేసు టైమిచ్చి టేబుల్లో చూసుకుంటే మీకో నంబరు వస్తుంది, దాన్ని వీడాట్ అంటాడు, ఆ నంబరుకి మామూలు రోజు ఎంత మెల్లగా పరిగెత్తాలి, గట్టి రోజు ఎంత వేగంగా అని కిలోమీటర్లలోనే ఉంటుంది, మైళ్ళని 1.6తో గుణించుకునే బాధ లేదు. నేను పది కిలోమీటర్లు అటూ ఇటుగా గంటలో పూర్తి చేసేవాణ్ణి. అంటే కిలోమీటరుకి ఆరు నిమిషాలు. దానికి మామూలు రోజు స్పీడు ఏడు నిమిషాల పైనే ఉండాలంట! నేనేమో రోజూ కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు దాటకుండా దౌడు తీసి, మోకాలికి వోలినీ కొట్టుకుని, ఇది వయసు ప్రభావం అనుకునేవాణ్ణి. మెల్లగా పరిగెత్తాలంటే మొదట్లో సిగ్గేసింది, పార్కులో వాకింగ్ చేసే పెద్దాయన నన్ను దాటి వెళ్ళి వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. రెండు నెలలకి మోకాలు నొప్పి పోయింది, ఇది పుస్తకం మహిమో నా అదృష్టమో చెప్పలేను. ఆదివారం లాంగ్ రన్ వారం మొత్తం దూరంలో పాతిక ముప్పై శాతం మించొద్దు, లేదా రెండున్నర గంటలు, ఏది తక్కువైతే అది అన్న రూలు కూడా ఇందులోదే, వారానికి ముప్పై కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళు ఆదివారం ఇరవై కొట్టి సోమవారం కుంటుకుంటూ ఆఫీసుకి రావడం మనం చూస్తూనే ఉంటాం కదా. ఒక్కటే ఇబ్బంది, ఇది కొత్తగా మొదలెట్టేవాళ్ళకి కాస్త గణితం క్లాసులా ఉంటుంది. ఇంకోటి, మన మే నెలలో తెల్లారగట్ల అయిదున్నరకే చొక్కా తడిసిపోతుంది, ఆ టేబుల్ అంకెల్ని ఎండాకాలంలో పట్టుకు వేలాడొద్దు, ఇంకో అర నిమిషం మెల్లగా వెళ్ళినా కొంప మునగదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తేవాళ్ళకి ఉక్కపోతా, ఫ్లైఓవర్లూ కలిసి ఏం చేస్తాయో నేను చెప్పక్కర్లేదు.

బరువుల విషయానికొస్తే మార్క్ రిప్పెటో 'స్టార్టింగ్ స్ట్రెంత్'. అమెరికాలో టెక్సస్ ఆయన, 2005లో మొదట వచ్చింది. ఇందులో బైసెప్స్ కోసం వెతికితే మీకు నిరాశే, ఒక్క స్క్వాట్ మీదే పదుల పేజీలుంటాయి, మనం స్కూల్లో చెవులు పట్టుకుని తీసిన గుంజీల మీద ఇంత రాయొచ్చా అనిపిస్తుంది. మడమల మధ్య భుజాల వెడల్పు, కాలివేళ్ళు ముప్పై డిగ్రీలు బయటికి, మోకాళ్ళు కూడా అదే వైపుకి అని చదివి, అద్దం ముందు చీపురు కర్ర భుజాల మీద పెట్టుకుని చేస్తే అప్పుడు తెలిసింది నా మోకాళ్ళు ఇన్నేళ్ళూ లోపలికి పడిపోతున్నాయని. ప్రతి ఎక్సర్‌సైజుకీ మామూలుగా చేసే తప్పులేంటి, అది ఎందుకు జరుగుతుంది, ఎలా సరిచేసుకోవాలి అని ఉంటుంది, నాకు కావాల్సింది ఇదే. ఖాళీ బారుతో (బరువులు తగిలించే ఇనప రాడ్డు) మొదలుపెట్టి, చాలావాటికి అయిదేసి చొప్పున మూడు సెట్లు, ప్రతిసారీ కొంచెం పెంచుతూ పోవడం, అంతే ప్రోగ్రాం. మా జిమ్ము కుర్రాడు "సార్, మోకాలు వేళ్ళ ముందుకి రాకూడదు" అంటూ అడ్డమొచ్చాడు, వాడితో వాదించడం కన్నా పుస్తకం ఇచ్చేస్తే పోతుందని ఇచ్చా, నెల తర్వాత తిరిగిచ్చాడు, చదివాడో లేదో గానీ ఇప్పుడు అడ్డం రావట్లేదు. బరువులన్నీ పౌండ్లలో ఉంటాయి, 45 పౌండ్ల బారంటే మన 20 కిలోల బారు, ఇదొక్కటి గుర్తుంటే చాలు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడిని కలియుగ భీముడని చెప్పుకునే మనకి ఇంత వివరంగా తెలుగులో బరువుల పుస్తకం ఒక్కటీ నా కంటపడలేదు, దండీలు, బస్కీలు, గరిడీ ఇవన్నీ ఎవరో ఒకరు ఇలా కూర్చుని రాస్తే నేను మొదటి కాపీ కొంటా.

తెలుగు పుస్తకం అంటే గుర్తొచ్చింది, బస్టాండులో ఎనభై రూపాయలకి ఒక యోగా పుస్తకం కొన్నా. శలభాసనం అని రాసి భుజంగాసనం ఫోటో వేశారు. ఎడమ కాలు మడవండి అంటుంది, ఫోటోలో కుడి కాలు మడిచుంది. ప్రతి ఆసనం కిందా ఉపయోగాలు అని మధుమేహం, ఆస్తమా, మలబద్ధకం, ఏ ఆసనమైనా ఆ మూడూ తగ్గుతాయి. ఎవరు చేయకూడదు అన్నది ఎక్కడా లేదు.

దాని పక్కన బి.కె.ఎస్. అయ్యంగార్ 'లైట్ ఆన్ యోగా' పెట్టి చూడండి. 1966 నాటిది, ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైట్, ఆయనే లాగు వేసుకుని చేసినవి, చూడ్డానికి ఏ ఆర్భాటమూ లేదు. రెండొందల ఆసనాలున్నాయి, ప్రతిదాని పక్కనా ఒక నంబరు, ఒకటి నుంచి అరవై దాకా, ఎంత కష్టమో చెప్పడానికి. తాడాసనానికి, అంటే నిటారుగా నిలబడటానికి, ఒకటి. ఆ చిన్న నంబరు నన్ను ఎన్ని బెణుకుల నుంచి కాపాడిందో, ఫోటో చూసి ఉబలాటపడి కాలు ఎత్తబోయేలోపే పాతిక అని కనబడితే కాలు దించేస్తాం. వెనక వారాల వారీగా కోర్సులున్నాయి, మొత్తం లెక్కేస్తే మూడొందల వారాలు, అంటే ఆరేళ్ళకి దగ్గర. ఇరవై ఒక్క రోజుల్లో మీ జీవితం మారిపోతుంది అనే పుస్తకాలు చూసి చూసి ఇది చదివితే మనసుకి హాయిగా ఉంటుంది. నేను ఏడాదిన్నరకి పదహారో వారంలో ఉన్నా, నవ్వుకోండి. ఇందులోనూ వెనక జబ్బులకి ఆసనాల పట్టిక ఉంది, దాన్ని మాత్రం నేను వాడను, నా బీపీ సంగతి డాక్టరు చూసుకుంటాడు.

ఇక ట్రెక్కింగు. ఇక్కడ నేను తిన్న దెబ్బ వేరే రకం. యోగా పుస్తకానికి అరవై ఏళ్ళైనా పర్లేదు, మన మోకాలు అరవై ఏళ్ళలో మారలేదు. దారి చెప్పే పుస్తకం అలా కాదు. మూడేళ్ళ కిందట మా బాబాయి వాళ్ళతో కేదార్‌నాథ్ వెళ్ళాం, నా దగ్గరున్న గైడుబుక్కు 2011 ఎడిషన్, అదీ ఆబిడ్స్ సరుకే, ఎడిషన్ చూసుకోకుండా కొన్నది. నడక మొదలయ్యే గౌరీకుండ్ నుంచి 14 కిలోమీటర్లు, మధ్యలో రాంబాడాలో టీ, భోజనం అని రాసుంటే దాన్ని నమ్ముకుని పదింటికి తాపీగా బయల్దేరాం. 2013 జూన్ వరదలో రాంబాడా కొట్టుకుపోయింది, పాత దారి పోయింది, ఇప్పుడు నది దాటించి అవతలి వైపు నుంచి వేసిన దారి దాదాపు 16 కిలోమీటర్లు. వరద సంగతి టీవీలో చూశాం, అందరికీ తెలుసు, కానీ చేతిలో పుస్తకం ఉంటే మనం దాన్నే నమ్ముతాం చూడండి, అదీ మన బుద్ధి. బాబాయికి అరవై రెండు, చివరి మూడు కిలోమీటర్లు చీకట్లో, చలిలో, ఫోన్ లైటుతో. పైకెళ్ళాక ఆయనకి తలనొప్పి, వాంతి. గౌరీకుండ్ రెండు వేల మీటర్ల లోపు, గుడి 3,583 మీటర్లు, ఒక్కరోజులో పదహారొందల మీటర్లు ఎక్కాం. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి అయిదొందల మీటర్ల కన్నా పెరగకూడదన్నది కొండలెక్కేవాళ్ళందరికీ తెలిసిన లెక్కే, మా పుస్తకంలో గుడి ఎప్పుడు తెరుస్తారో ఉంది గానీ ఈ లెక్క లేదు. తెల్లారగానే బాబాయిని కిందకి దింపేశాం, దిగుతుంటేనే తేరుకున్నాడు, గౌరీకుండ్‌లో పరాఠా అడిగి తిన్నాడు.

తిరిగొచ్చాక కొన్నదే నా నాలుగోది, 'మౌంటెనీరింగ్: ద ఫ్రీడం ఆఫ్ ద హిల్స్'. సియాటిల్‌లో ద మౌంటెనీర్స్ అనే క్లబ్బు వాళ్ళది, 1960 నుంచి వస్తోంది. ఇటుకంత లావు, ధర కూడా అలాగే ఏడిపిస్తుంది, అందులో సగం తాళ్ళూ మంచూ గొడ్డళ్ళూ, నాలాంటి వాడికి ఈ జన్మకి అక్కర్లేదు. కానీ ఎత్తు ప్రదేశాల్లో ఒంటికేమవుతుంది, దారి తప్పితే ఏం చేయాలి అన్న చాప్టర్లు చదివితే పైసా వసూల్. కొండకి వెళ్తే సంచిలో ఉండాల్సినవి అని వాళ్ళ పది వస్తువుల లిస్టు ఒకటి ఉంది, టార్చి, మ్యాపు, అదనంగా తిండి, నీళ్ళు, బట్టలు, ఫస్ట్ ఎయిడ్ ఇలా, దాంట్లో ఆ రోజు మా దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కేస్తే మూడు. కొనలేనివాళ్ళు ఫ్రెండు దగ్గర తెచ్చుకుని ఆ చాప్టర్లు చదివి ఇచ్చేయండి. దారుల కోసం మాత్రం ఏ పుస్తకమైనా ఎడిషన్ సంవత్సరం చూడండి, చూసినా సరే బయల్దేరే ముందు రోజు అక్కడి గుర్రాలవాణ్ణో, లాడ్జి కుర్రాణ్ణో అడగండి.

యూట్యూబ్ ఉండగా పుస్తకాలెందుకు అని మావాడు అడుగుతాడు. చూడు నాన్నా, బారు భుజాల మీద ఉన్నప్పుడు యాడ్ స్కిప్ చేయలేం.

ఆ ఏడూ వచ్చే ఆదివారం ఆబిడ్స్ తీసుకెళ్ళి అమ్మేద్దామని సంచిలో కట్టా, కేదార్‌నాథ్ గైడు మాత్రం అమ్మట్లేదు, అది ఇంకెవరి బాబాయి మీదకి వస్తుందో అని, చిత్తుకాగితాల్లో వేసేశా. డేనియల్స్‌లో ఆ పెన్సిలాయన వదిలేసిన ప్లాను నేను పట్టుకున్నా, మూడో వారం శుక్రవారం నుంచి టిక్కులు నీలం పెన్నువి. మధ్యలో మా ఆఫీసు నెలాఖరుకి నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, అయిదు లోపే కదా, పట్టించుకోలేదు.