ఎర్ర గేజు కోసమే కొనాలి: ఏసీ గేజు సెట్టు, మూడు ఎండాకాలాల తర్వాత

ముందే చెప్తున్నా, కారు ఏసీకి గ్యాస్ పట్టడానికి డబ్బాకు తగిలించి అమ్మే ఒంటి గేజు పైపంటే నాకు గిట్టదు. దాని మీది కోపంతోనే రెండు గేజుల సెట్టు కొన్నది, కాబట్టి ఈ సమీక్షలో రోంత పక్షపాతం ఉంటుంది.

ఒంటి గేజు లో సైడుకే, అంటే కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగొచ్చే తక్కువ ఒత్తిడి వైపుకే తగులుకుంటుంది. ముల్లు పచ్చగీతలో ఉంటే గ్యాస్ సరిపోయినట్టు, కిందికుంటే ఇంకా పట్టమన్నట్టు. లోపల ఎన్ని గ్రాములుందో, ఆ గ్యాస్ మోసుకొచ్చిన వేడి బయటికి పోతోందో లేదో దానికి తెలీదు. ఫిబ్రవరి పొద్దున ఎట్లాగో నెట్టుకురావచ్చు. అనంతపురంలో మే నెల రెండు గంటల ఎండలో, 2 లక్షల 40 వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి మీద ఆ పచ్చగీతను నమ్ముకుంటే కంప్రెసర్‌కు నీళ్లొదులుకోవాల్సిందే.

లో సైడు చూపే నీలం గేజు, గ్యాస్ డబ్బాకో పంపుకో తగిలించే పసుపు పైపు, వాల్వులు అందరికీ తెలిసినవే. మాట్లాడాల్సింది హై సైడు, అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే ఎక్కువ ఒత్తిడిని చూపే ఎర్ర గేజు గురించి.

మన వైపు బండ్లకు మామూలుగా వచ్చే జబ్బు ఒకటుంది. గుత్తి హైవే మీద పోతుంటే లోపల చలి పుడుతుంది, టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే అదే గాలి వెచ్చబడుతుంది. "గ్యాస్ తగ్గింది, వంద గ్రాములు వేద్దాం" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పైన చెప్పిన డీజిల్ బండిలోనూ లక్షణం అదే. నీడలో 41 డిగ్రీలు, ఇంజిన్ ఐడిల్‌లో, ఏసీ, బ్లోయర్ రెండూ ఫుల్లు, తలుపులు తెరిచి పెట్టి చూస్తే నీలం 58, ఎర్ర 345 పీఎస్ఐ (ఒత్తిడి కొలత). గ్యాస్ తక్కువైతే రెండు ముళ్లూ కిందికి రావాలి. ఇక్కడిలా రెండూ పైనుంటే గ్యాస్ ఎక్కువై ఉండాలి, లేదా లోపల గాలి చిక్కుకుని ఉండాలి, లేదా కండెన్సర్ (రేడియేటర్ ముందుండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) వేడిని వదల్లేకపోతుండాలి. ఈ స్థితిలో ఇంకో వంద గ్రాములు పట్టించి ఉంటే ఏమయ్యేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. చాలా బండ్లలో ప్రెషర్ స్విచ్చి కంప్రెసర్‌ను ఆపేది 450 దరిదాపుల్లో.

తేల్చుకోవడానికి చెంబు నీళ్లు చాలు. ఫ్యాను మోటారు కనెక్టరు తడవకుండా, గ్రిల్ సందులోంచి కండెన్సర్ మీద మెల్లగా పోస్తే ఎర్ర ముల్లు అర నిమిషంలో 345 నుంచి 230కి జారింది. వెనకాలే నీలం 40కి దిగింది, వెంట్ గాలి చల్లబడింది. గ్యాస్ ఎక్కువైన బండిలోనూ నీళ్లకు ఎంతో కొంత దిగుతుంది కాబట్టి ఇదే తుది తీర్పు కాదు. ముందు కండెన్సర్ కడిగి మళ్లీ చదవాలి, అప్పటికీ దిగకపోతేనే గ్యాస్ మొత్తం తీయించి తూకం వేసి పట్టించాలి.

ఈ కండెన్సర్ ముందు నుంచి చూస్తే తళతళలాడుతోంది. రేడియేటర్ పై బ్రాకెట్ బోల్టులు విప్పి, దాన్ని ఇంజిన్ వైపు అంగుళం వంచి టార్చి వేస్తే అసలు సంగతి బయటపడింది. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య కంబళి ముక్కలాంటి పొర. ఎర్రమట్టి, శెనక్కాయ పొట్టు, పురుగుల రెక్కలు, వాటన్నిటినీ అతికించి పట్టుకున్న బూడిదరంగు పొడి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల మీదుగా తిరిగే బండికి ఆ పొడి తప్పదు. దాని మీద నేరుగా నీళ్లు కొట్టకూడదు. ముద్దగా మారి కండెన్సర్ రేకు రెక్కల మధ్యకు చేరి, ఎండాక సున్నంలా గట్టిపడుతుంది. మెత్తటి బ్రష్షు, తర్వాత ఇంజిన్ వైపు నుంచి బయటికి తక్కువ ప్రెషర్ గాలి, ఆఖరున తోట పైపుతో నీళ్లు, ఇదీ వరస. వాషింగ్ సెంటరు గన్ను పెడితే అల్యూమినియం రెక్కలు పడుకుంటాయి, తర్వాత దువ్వెనతో లేపుతూ కూర్చోవాలి. కడిగాక అదే ఎండలో ఎర్ర గేజు 260 దగ్గర నిలబడింది. గ్రాము గ్యాస్ వేయలేదు.

ఫ్యాను సంగతీ ఇక్కడే చూసుకోవాలి. రెసిస్టర్ ఉన్న బండ్లలో ఏసీ వేయగానే ఫ్యాను చిన్న స్పీడులో తిరగాలి. అప్పుడు తిరక్కుండా, ఇంజిన్ వేడెక్కాక ఒక్కసారిగా హోరుమని లేస్తే చిన్న స్పీడు రెసిస్టర్ పోయినట్టే.

కొన్నప్పుడు ఊహించని ఉపయోగం ఒకటి దొరికింది. డయల్ లోపలి వలయాల్లో గ్యాస్ రకాన్ని బట్టి ఉష్ణోగ్రత అంకెలుంటాయి, వాటిని పెద్దగా ఎవరూ చూడరు. 450 గ్రాముల ఆర్‌134ఏ (కారు ఏసీ గ్యాస్) డబ్బాను రాత్రంతా గదిలో ఉంచి, పొద్దున 30 డిగ్రీల దగ్గర గేజుకు తగిలిస్తే 97 పీఎస్ఐ, 35 దగ్గరైతే 114 చూపించాలి. అంతకు బాగా ఎక్కువో తక్కువో చూపిస్తే ఆ డబ్బాలో ఉన్నది ఒట్టి ఆర్‌134ఏ కాదు. కల్తీ గ్యాస్ ఒక్కసారి బండిలోకి పోతే డ్రయర్ (తేమ పీల్చే ఫిల్టరు), ఆయిల్, ఒక్కోసారి కంప్రెసరూ మార్చాల్సి వస్తుంది, కాబట్టి ఈ పది నిమిషాలు దండగ కాదు.

ఇక సెట్టు పెట్టిన తిప్పలు. రెండో ఎండాకాలం డ్రయర్, ఆకుపచ్చ హెచ్ఎన్‌బీఆర్ ఓ-రింగులు (జాయింట్ల రబ్బరు సీళ్లు) మార్చాక, లోపలి గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడిచింది. నీలం గేజు ముల్లు వాక్యూమ్ వైపు 28న్నర అంగుళాల (పాదరసం కొలత) దగ్గర ఆగింది. దీనికి కంగారు పడక్కర్లేదు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఎంత మంచి పంపైనా ఇక్కడ 29 చూపించదు. వాల్వులు మూసి పంపు ఆపితే ఇరవై నిమిషాల్లో ముల్లు 24కి వచ్చింది. అంటే లీకు. మార్చిన ప్రతి జాయింటూ విప్పి, ఓ-రింగుకు పీఏజీ ఆయిల్ (ఏసీ కంప్రెసర్ నూనె) రాసి మళ్లీ బిగించినా అదే కథ. మిగిలింది డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. అది తీయాలంటే స్టీరింగుతో సహా సగం బండి విప్పినట్టే.

డ్యాష్ జోలికి పోకముందు సెట్టును ఒంటరిగా పరీక్షించడంతో ఆ పని తప్పింది. కప్లర్లు (పైపులను బండికి తగిలించే బిగింపులు) బండి నుంచి తీసి, వాటి నాబులు వెనక్కి తిప్పి మూసి, పైపులకు మాత్రమే వాక్యూమ్ పెడితే ముల్లు అలాగే పడిపోయింది. లీకు బండిలో లేదు, గేజు సెట్టులోనే ఉంది. పైపుల చివరల్లో ఉండే పావు అంగుళం రబ్బరు వాషర్లు షెడ్డు వేడికి ఎండి, గోటితో నొక్కితే గాజులా పెళుసుగా విరిగాయి. పైపుకొకటి మార్చగానే ముల్లు గంటసేపు కదల్లేదు. అప్పటిదాకా వాక్యూమ్ నిలిస్తే చాలు, సిస్టం గట్టిదే అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. పైగా వాక్యూమ్‌లో జాయింటు మీద పడేది ఒక బార్ (సుమారు 14.5 పీఎస్ఐ) ఒత్తిడే, అదీ లోపలికి. నడిచేటప్పుడు హై సైడు 15 బార్లతో బయటికి తోస్తుంది. సన్నటి లీకు దొరకాలంటే నైట్రోజన్ 150 పీఎస్ఐ నింపి సబ్బు నురగ రాయడమే దారి.

గ్యాస్ పట్టేటప్పుడు గేజు కంటే కాటాను నమ్మాలి. బానెట్ కింది స్టిక్కరు మీద ఎన్ని గ్రాములుంటే అన్నే, డబ్బా నిలబెట్టి, ఇంజిన్ నడుస్తుండగా నీలం వాల్వు ఒక్కటే తెరిచి పట్టాలి. డబ్బా తిరగేస్తే ద్రవం కంప్రెసర్‌లోకి పోయి వాల్వు ప్లేట్లు దెబ్బతింటాయి. ఆ సమయంలో ఎర్ర వాల్వు తెరవకూడదు, హై సైడు ఒత్తిడి ఎదురెక్కి డబ్బా పేలొచ్చు. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా కప్లరు ముట్టుకోవద్దు.

ఎర్ర గేజు చెప్పలేనివీ ఉన్నాయి. పొద్దున బాగుండి మధ్యాహ్నం రెండు ముళ్లూ ఒకే అంకెకు వచ్చి నిలబడితే కంప్రెసర్ తిరగడం లేదని తెలుస్తుంది, ఎందుకని తెలీదు. ఇంత తిరిగిన బండ్లలో ముందు చూడాల్సింది కంప్రెసర్‌ను బెల్టు పుల్లీకి కలిపే క్లచ్ ప్లేటు సందు. మామూలుగా 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి 0.9 అయితే, వేడెక్కి బలం తగ్గిన క్లచ్ అయస్కాంత కాయిల్ దాన్ని లాక్కోలేదు. లోపలి షిమ్ము (సందు సరిచేసే పలుచటి రింగు) ఒకటి తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇంట్లో రెండు పాత బండ్లు, పంపు పెట్టుకునే షెడ్డు, ఆదివారం ఖాళీ ఉన్నాయి కాబట్టి నాకు గిట్టుబాటైంది. ఒక్క కొత్త బండి ఉన్నవాళ్లు కొనక్కర్లేదు, తూకం వేసి పట్టే మెకానిక్ దగ్గర్లో ఉంటే అసలే అక్కర్లేదు. కొన్నవాళ్లు మాత్రం వాషర్లు నాలుగు జతలు పెట్టెలో వేసుకోండి. సెట్టును డిక్కీలోనో రేకుల కిందో కాకుండా ఇంట్లో పెట్టుకోండి.