నీరు దాక్కునే కొండల్లో ఒక రోజు

యాగంటి కొండ మీద ఉదయం తొమ్మిదిన్నరకే మా నలుగురి సీసాలూ దాదాపు ఖాళీ అయ్యాయి. జనవరి నెల, ఎండ ఇంకా ముదరలేదు. అయినా పైన ఎటు చూసినా నీటి చుక్క లేదు, గుంట లేదు, చేతికి తడి తగిలే మట్టి కూడా లేదు. రెండు గంటల క్రితమే కొండ పాదాన, గుడి పుష్కరిణిలోకి నంది నోటి గుండా నీరు ధారగా పడుతుంటే చూస్తూ నిలబడ్డాం. కింద అంత నీరు చూసినవాళ్లం కాబట్టి పైన ఇంత పొడిగా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. బడిపంతులైన మిత్రుడు తన సీసాలో మిగిలిన రెండు గుక్కలు నాకు ఇచ్చాడు. ఆ రెండు గుక్కల విలువ నేను మరచిపోను. ఈ ప్రాంతంలో నడవాలనుకునేవారు మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి. ఇక్కడ నీరు రాతి మీద నిలవదు, రాతి లోపలికి పోతుంది.

నంద్యాల జిల్లాలోని ఈ ఎర్రమల కొండలకు శిఖరాలంటూ పెద్దగా ఉండవు. తలలు బల్లపరుపుగా ఉంటాయి. ఈ ప్రాంతపు కొండల్లో చాలాచోట్ల పైన గట్టి క్వార్ట్‌జైట్ రాయి మూతలా ఉంటుంది, దాని కింది పొరల్లో సున్నపురాయి ఉంటుంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కరిగిస్తుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. మనకు బండలుగా తెలిసిన నాపరాయి కూడా సున్నపురాయే. బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు మనలో ఎందరి ఇళ్లలోనో పరిచి ఉంటాయి. ఈ దారిలో చేలకు కంచెగా నిలబెట్టిన రాతి పలకలు చూస్తే, ఇక్కడి రైతులకు ఈ రాయి ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

బస విషయంలో మేం పొరపాటు చేశాం. ముందు రాత్రి దారిలోని ఒక పట్టణంలో లాడ్జి తీసుకున్నాం. ఉదయం ఐదుకు వేడినీళ్లు ఇస్తామన్నారు. ఐదుకు కిందికి వెళ్తే కౌంటరు దగ్గర మనిషే లేడు. చన్నీళ్ల స్నానం పెద్ద కష్టం కాదు, కానీ గేటు తాళం తీయించడానికి అరగంట పట్టింది. కొండ నడకలో తెల్లవారుజామున పోయిన అరగంట మళ్లీ దొరకదు. అదే యాగంటిలో సత్రంలో ఉండి ఉంటే, లేచి నాలుగు అడుగులు వేస్తే మెట్ల దగ్గర ఉండేవాళ్లం. సత్రం గదిలో సౌకర్యాలు తక్కువే కావచ్చు. నడవడానికి వచ్చినవారికి అది చాలు. పండుగ రోజుల్లో, కార్తీక మాసంలో మాత్రం ముందుగా కనుక్కుని వెళ్లాలి. బనగానపల్లె నుంచి యాగంటికి సుమారు 12 కిలోమీటర్లు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గంలో బనగానపల్లె స్టేషను ఉంది. మేం రోజంతటికీ కారు మాట్లాడుకున్నాం. ఆ డ్రైవరు చెప్పిన సమయానికి ముందే వచ్చి నిలబడ్డాడు. నలుగురు కలిస్తే ఇదే మేలైన పద్ధతి.

యాగంటిలో చాలామంది ఉమామహేశ్వర స్వామి దర్శనం చేసుకుని, పెరుగుతున్నాడని చెప్పుకునే బసవన్నను చూసి వెళ్లిపోతారు. గుహల దాకా తప్పక ఎక్కండి. అగస్త్యుడి గుహకు మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు తొందరపడకూడదు. వీరబ్రహ్మేంద్ర స్వామి గుహలోకి బాగా వంగి వెళ్లాలి. అక్కడి నుంచి ఇంకా పైకి మేం మేకల కాపరి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లాం. దారి అనేది అతని కాళ్లకే తెలుసు. అడవి, రాయి, ముళ్ల పొదలు ఉన్నచోట స్థానికులను అడగకుండా ఎక్కవద్దు. పై అంచున కూర్చుంటే గుడి గోపురం, పుష్కరిణి అరచేతిలో పెట్టినట్టు కనిపించాయి. చుట్టూ ఎర్రటి రాయి, నడుమ ఆ పచ్చటి నీటి చదరం. మా నలుగురిలో ఎవరం మాట్లాడలేదు.

దిగి వచ్చాక బనగానపల్లెలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు మెత్తబడి, అయినా ముద్ద కాకుండా, పప్పుల పొడి అంటుకుని బాగుంది. ఊరి పేరుతో ప్రసిద్ధమైన మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ మామిడి కాలంలో ఈ కొండలెక్కడం సాహసమే. నడకా పండూ రెండూ ఒకే ప్రయాణంలో దొరకవు.

మధ్యాహ్నం బెలుం గుహలకు చేరాం. కొండ ఎక్కడా కనిపించదు. చదునైన నేల, చేలు, వాటి నడుమ బావుల్లాంటి గోతులు. నడిమి గోతిలోంచి మెట్లు దిగితే లోకం మారిపోతుంది. బిలం అన్న మాటే బెలుం అయింది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి నమోదు చేశాడు. 1982–83లో డేనియల్ గెబౌయర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలి దారులను వివరంగా పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులు నడవగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

గుహ అంటే చల్లగా ఉంటుందని అనుకుని వెళ్లకండి. లోపల ఉక్క. గాలి గొట్టాల ద్వారా పంపుతున్నారు, ఆ గొట్టం కింద నిలబడితే ప్రాణం లేచి వస్తుంది. అక్కడ కాసేపు ఆగి ముందుకు సాగండి. మార్చుకోవడానికి ఒక చొక్కా పెట్టుకోండి. బొర్రా గుహల్లోలా పెద్ద పెద్ద రాతి ఊడలు ఇక్కడ అడుగడుగునా ఉండవు. బెలుం గొప్పతనం దారులది. మా సివిల్ ఇంజినీరు మిత్రుడు ఒక మలుపు దగ్గర గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. బూడిద రంగు రాయి, నీరు తోసుకుపోయిన వాలు ప్రకారం అలలు అలలుగా, ఉలి తగలని నునుపు. ఆ గోడ మీదే ఎవరో మేకుతో పేర్లు గీకారు. వేల ఏళ్లు నీరు చేసిన పని మీద అలా గీకడానికి చెయ్యి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. సప్తస్వరాల గుహలోనూ అంతే. తడితే రాళ్లు మోగుతాయన్నది నిజమే, కానీ వచ్చినవారందరూ తడుతూ పోతే ఆ రాళ్లు ఎన్నాళ్లుంటాయి? విన్నాం అనిపించుకోవడానికి మేం తట్టలేదు.

చివరన పాతాళగంగ. గుహ ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతు. అక్కడ సన్నటి ధార ఒకటి పారి, రాతిలోకి దిగి మాయమవుతుంది. పొద్దున తన నీళ్లు నాకిచ్చిన పంతులు అక్కడ చతికిలబడి, ఒక్క వేలు తడి చేసుకుని, మా వైపు చూపించాడు. యాగంటి పుష్కరిణి, ఎండిన కొండ తల, ఈ చీకటి ధార అన్నీ ఒకే కథలోని ముక్కలని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క రోజులో ఈ రెండు చోట్లూ చూడమని అందరికీ చెబుతాను. ముందు కొండ, తర్వాత గుహ, ఈ వరుసలోనే. గండికోటను కూడా ఇదే రోజులో ఇరికించవద్దు. దానికి ఒక సాయంత్రం, ఒక ఉదయం కావాలి.

పాతాళగంగ నీరు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం గ్రామంలో ఒక బావికి చేరుతుందని స్థానికులు నమ్ముతారు. కారు గడువు దగ్గరపడడంతో ఆ బావి దగ్గరికి వెళ్లలేకపోయాం. మళ్లీ వెళ్లినప్పుడు యాగంటి సత్రంలో రెండు రాత్రులు ఉండి, ముందు ఆ బావి చూస్తాం.