వీపున వేసుకునే నీళ్ల బ్యాగు కొంటున్నారా? లోపలి సంచి చూడకుండా కొనకండి

ఉదయగిరి దుర్గం, పెంచలకోన వైపు కొండలెక్కేవాళ్లు, మైపాడు రోడ్డులో తెల్లవారుజామున సైకిల్ తొక్కేవాళ్లు, పోలీసు ఈవెంట్ల కోసం నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వీపున తగిలించుకుని పైపుతో నీళ్లు తాగే హైడ్రేషన్ బ్యాగులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతున్నాయి. అందులో ఒక రకం మా అక్క కొడుకును దుర్గం సగం దారిలో కళ్లు తిరిగి కూర్చునేలా చేసింది. ఎండలు ముదిరేకొద్దీ ఇవి కొనేవాళ్లు పెరుగుతారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఆ బ్యాగు అమ్మకం పేజీలో రాసింది ఇది: 3 లీటర్లు, టీపీయూ మెటీరియల్, బీపీఏ (ప్లాస్టిక్ తయారీలో వాడే ఒక రసాయనం) లేదు, నూరు శాతం లీక్ ప్రూఫ్. ఫొటోలో నలుపు, నీలం రంగుల బ్యాగు, వెనక మంచు కొండలు. చేతికొచ్చిన బ్యాగు పైకి బాగానే ఉంది. జిప్పులు గట్టివి, భుజం పట్టీల్లో దూది బాగానే కూరారు, ఛాతీ దగ్గర బకిల్ కూడా ఉంది. డబ్బంతా అక్కడే పెట్టారు. అసలు సరుకైన లోపలి నీళ్ల సంచి మాత్రం పలచటి ప్లాస్టిక్ కవరు. మూత తీస్తే కొత్త రెయిన్‌కోటు వాసన. అమ్మకందారుకు మెసేజ్ పెడితే "రెండుసార్లు కడిగితే పోతుంది సార్" అన్నాడు.

వాసన కడిగితే కొంత తగ్గింది. కానీ కొండ మీద దెబ్బ కొట్టింది వాసన కాదు.

మార్చిలో, పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే ఎక్కడం మొదలుపెట్టాం. దుర్గం తెలియనివాళ్లకు చెప్తాను, అది సరదాగా ఎక్కి దిగే గుట్ట కాదు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయల సైన్యానికి 1513, 1514 సంవత్సరాల్లో ఏడాదికి పైగా ముట్టడి పట్టిందంటే ఆ ఎత్తు, ఆ రాళ్లు ఎలాంటివో ఊహించుకోండి. పైన పాత కాలపు కోనేళ్లలో నీళ్లు కనిపిస్తాయి గానీ అవి తాగే నీళ్లు కావు. కింద నింపుకున్నదే మీకు ఆధారం.

సగం దూరం ఎక్కాక మావాడు, "మామా, వీపంతా తడిసిపోయింది, చెమటే అనుకున్నా, ప్యాంటు కూడా తడిసింది" అన్నాడు. బ్యాగు విప్పి చూస్తే సంచికి మూత బిగించే గట్టి ప్లాస్టిక్ రింగు చుట్టూ అతుకు ఊడిపోయి ఉంది. అన్నం డబ్బా, ఫోను, టవలు అన్నీ నీళ్లలో ఉన్నాయి. సంచిలో మిగిలింది గుక్కెడు. ఈ బ్యాగుల్లో ఉన్న అసలు ప్రమాదం ఇదే. సీసా అయితే ఎంత ఖాళీ అయిందో కంటికి కనిపిస్తుంది. ఇది వీపు వెనక ఉంటుంది, పైపులో నీళ్లు వస్తున్నంతసేపూ నిండుగానే ఉందనుకుంటాం. పిల్లవాడు అప్పటికే చాలాసేపటి నుంచి తక్కువ తాగుతున్నాడు, ఎందుకంటే పైపు సరిగా రావడం లేదు. కాసేపటికి వికారం అన్నాడు, తల తిరుగుతోందన్నాడు. రాతి నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, తడి టవలుతో మెడ, చంకలు తుడుస్తూ మా దగ్గరున్న సీసాల్లో నీళ్లు కొద్దికొద్దిగా పట్టించాం. తేరుకున్నాడు. అక్కడి నుంచే వెనక్కి దిగిపోయాం. మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు ఒళ్లు చల్లబరుస్తూనే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటికొచ్చాక ఆ సంచిని కొలిచి చూశాం. లీటరు సీసాతో పోస్తే రెండు సీసాలు పట్టి, మూడోది సగానికే అంచు దాటిపోయింది. మూత పెట్టి వీపున వేసుకునేలా నింపితే రెండు లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. 3 లీటర్లని నమ్మి కొండెక్కినవాడికి ముప్పావు లీటరు నీళ్లు మొదటే లేవు. ఎండలో నడుస్తూ ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు కావాలి. అంటే అబద్ధం రాసిన ఆ ఒక్క అంకె విలువ ఒక గంట.

ఇక మెటీరియల్ సంగతి. టీపీయూ అంటే మెత్తగా ఉండి సాగే ప్లాస్టిక్. రెండు వేళ్లతో లాగితే కొంచెం సాగి మళ్లీ మామూలుగా అయిపోతుంది, వాసన చాలా తక్కువ, మడిచినా తెల్లటి గీత పడదు. చవక సంచులు ఎక్కువగా పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టిది, దాన్ని మెత్తబరచడానికి థాలేట్ల లాంటి రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌లో గట్టిగా అతుక్కుని ఉండవు. వేడికి, నూనె, కొవ్వు ఉన్న పదార్థాలకు మెల్లగా బయటికొస్తాయి. మన ఎండలో కారు డిక్కీలో పెట్టిన సంచి ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు. "బీపీఏ లేదు" అన్న ముక్క చూసి చాలామంది నిశ్చింతగా కొనేస్తున్నారు. బీపీఏ ముఖ్యంగా వాడేది పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో. మెత్తటి సంచి మీద ఆ మాట రాసినంత మాత్రాన థాలేట్లు లేవని కాదు. ఆ సంగతి విడిగా అడగాలి. రాతపూర్వకంగా చెప్పని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

చవక సరుకంతా చెత్త అని నేననడం లేదు. అసలు ఈ ఆలోచన పుట్టిందే చవకగా. 1980ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో మండుటెండలో జరిగే 100 మైళ్ల సైకిల్ పోటీకి మైకేల్ ఐడ్సన్ అనే అత్యవసర వైద్య సిబ్బంది ఒకరు సెలైన్ సంచిలో నీళ్లు నింపి, మేజోడులో పెట్టి, చొక్కా వెనక కుట్టుకుని, ట్యూబుతో తాగుతూ తొక్కారు. క్యామెల్‌బ్యాక్ కంపెనీ అలా మొదలైంది. మేజోడు ఎలాంటిదైనా ఫర్వాలేదు, సంచి మాత్రం నీళ్లు నిలిపేదిగా ఉండాలి.

కాబట్టి పార్సిల్ రాగానే, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే చేయాల్సిన పని ఒకటుంది. ప్యాకెట్ విప్పేటప్పటి నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. సంచిని లీటరు సీసాతో కొలుస్తూ నింపండి. మూత బిగించి, పైపు పెట్టి, పైన తడి తుడిచి, పాత న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, దాని మీద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. వీపుకీ బ్యాగులోని సామానుకీ మధ్య సంచి మీద పడే ఒత్తిడి కొంతవరకు అలాగే ఉంటుంది. తెల్లారి పేపర్ ఎక్కడ తడిసిందో చూడండి. మూడు చోట్ల ముఖ్యం: మూత రింగు చుట్టూ ఉన్న అతుకు, పైపు సంచిలోకి వెళ్లే జాయింటు, నోట్లో పెట్టుకునే వాల్వు. జాయింటు దగ్గర చిన్న రబ్బరు వాషర్ ఉండాలి, మాకొచ్చిన దాంట్లో అదే లేదు. వాల్వుకు ఆఫ్ చేసే మీట ఉంటే మంచిది. లేకపోతే బ్యాగు కింద పెట్టినప్పుడల్లా చుక్కచుక్కగా కారిపోతుంది.

మూత ఎంత వెడల్పుంటే అంత మంచిది, చెయ్యి లోపలికి పోవాలి. లేకపోతే కడగలేరు. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది చాలా పెద్ద విషయం. తేమకు సంచి లోపల ఆరదు, పైపులో నల్లటి బూజు పడుతుంది. నిమ్మకాయ నీళ్లు, గ్లూకోజ్, మజ్జిగ ఇందులో పోయకండి, మామూలు నీళ్లే పోయండి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి సంచిలో పోసి, పైపులోకి కూడా వచ్చేలా చేసి అరగంట ఉంచి కడిగేయండి. తర్వాత మూతిలో చిన్న కవ్వం పెట్టి తలకిందులుగా వేలాడదీస్తే లోపలి గోడలు అతుక్కోకుండా ఆరుతుంది. పూర్తిగా ఆరబెట్టే తీరిక లేకపోతే నీళ్లు వంపేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, ఆ చలికి బూజు పెరగదు.

నింపుకునేటప్పుడు మరో మాట. నింపి మూత పెట్టాక సంచిని తలకిందులు చేసి పైపుతో గాలి పీల్చేయండి. నడుస్తుంటే నీళ్లు ఎగిరిపడవు, బరువు కదలదు. తాగిన ప్రతిసారీ పైపులోకి కొంచెం గాలి ఊదితే మిగిలిన నీళ్లు సంచిలోకి వెళ్లిపోతాయి, తర్వాతి గుక్క వేడిగా తగలదు. పక్కన విడిగా ఒక లీటరు సీసా తప్పనిసరిగా ఉండాలి. మా పిల్లవాడిని ఆ రోజు కాపాడింది మామూలు సీసాలే. గంటకోసారి బ్యాగు దించి సంచి కళ్లతో చూడండి, సగం అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగండి.

దారిలో ఎక్కడ పడితే అక్కడ నింపకండి. కొండ వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా క్రిములుంటాయి. క్లోరిన్ బిళ్ల వేస్తే కనీసం అరగంట ఆగాలి, ఆ నీళ్లు పైపులోకి కూడా రానిచ్చి ఆగాలి. ఉదయగిరి, కనిగిరి వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగే నీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు అని మన ప్రమాణాలు చెప్తున్నాయి. ఒక పూట తాగితే ఏమీ కాదు గానీ, రోజూ పొలం పనికో ప్రాక్టీసుకో ఈ సంచి నింపుకునేవాళ్లు ప్లాంటు నీళ్లే వాడండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. స్ట్రా ఫిల్టర్లు క్రిముల్ని ఆపుతాయి గానీ దీన్ని ఆపలేవు.

చెమట బాగా పట్టేవాళ్లు గంటల తరబడి ఉత్త నీళ్లే తాగినా ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ పొడి కొని వేరే సీసాలో కలుపుకోండి. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అయి ఉండాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ఓఆర్ఎస్ పేరుతో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ ఫార్ములా లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

మా డబ్బు సంగతి కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. అమ్మకందారు మొదట "నోట్లో పెట్టుకున్న సరుకు, శుభ్రత దృష్ట్యా వెనక్కి తీసుకోం" అన్నాడు. తర్వాత సగం డబ్బిస్తాం, రివ్యూ తీసేయండి అన్నాడు. ఒప్పుకోలేదు. 2020 ఈ కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అమ్మకం వేదికలో ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ వివరాలు పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కొలిచిన వీడియో, బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాక పూర్తి డబ్బు వచ్చింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

కానీ ఆ బ్యాగు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అమ్మకందారు పేరు మారింది, అవే మంచు కొండల ఫొటోలు, అదే 3 లీటర్ల మాట. తయారీదారు లేదా దిగుమతిదారు అడ్రస్, తయారైన నెల, ఎమ్మార్పీ, వినియోగదారుల ఫోన్ నంబరు ప్యాకెట్ మీద ఉండాలని చట్టం. మాకొచ్చిన కవరు మీద బార్‌కోడ్ స్టిక్కర్ తప్ప ఏమీ లేదు. మీకూ అలాంటి కవరే వస్తే సంచిలో నీళ్లు పోయకముందే వెనక్కి పంపేయండి.