పాటనా, భక్తపూరా? ఖాట్మండు లోయలో ఒక రోజు మిగిలితే

ముక్తినాథ్ యాత్రకు వెళ్లే తెలుగువారికి పశుపతినాథుని దర్శనం అయ్యాక ఖాట్మండులో ఒక పూటో, ఒక రోజో చేతిలో మిగులుతుంది. ఆ సమయాన్ని అంగళ్లలో గడిపేయడం కంటే లోయలోని పాత రాజధానుల్లో ఒకదానికి కేటాయించడం ఎంతో మేలు. 1482లో యక్షమల్లుడు మరణించాక ఆయన రాజ్యం వారసుల మధ్య చీలి ఖాట్మండు, పాటన్, భక్తపూర్ వేర్వేరు రాజధానులయ్యాయి. 1768-69లో పృథ్వీనారాయణ షా జయించేవరకు ఈ మూడూ పోటీపడి గుళ్లూ, కోటలూ కట్టుకున్నాయి. ఖాట్మండులోని పాత రాజభవనం హనుమాన్ ఢోకాను దారిలో ఒక గంట ఆగి చూడవచ్చు కనుక, అసలు ఎంపిక మిగతా రెండింటి మధ్యనే.

పాటన్ బాగమతి నదికి ఆవలి ఒడ్డునే ఉంది. అక్కడి దర్బారు చౌకులో, అంటే పాత రాజభవనం ముందున్న ఆవరణలో, చూడవలసినవన్నీ దగ్గర దగ్గరగా ఉండటం తీరిక లేనివారికి పెద్ద వెసులుబాటు. 1637లో సిద్ధినరసింహ మల్లుడు కట్టించిన కృష్ణ మందిరం పూర్తిగా రాతితో, 21 శిఖరాలతో నిలిచి ఉంటుంది. దాని మొదటి అంతస్తు చుట్టూ మహాభారత ఘట్టాలు, పై అంతస్తు చుట్టూ రామాయణ ఘట్టాలు వరుసగా చెక్కి ఉన్నాయి. ఆ కథలు చిన్ననాటి నుంచి వింటూ పెరిగినవారు ఎవరి సాయమూ లేకుండా ఒక్కొక్క ఘట్టాన్నీ గుర్తుపడుతూ ప్రదక్షిణంగా చూసుకుంటూ పోవచ్చు. ఎదురుగా ఉన్న పాత రాజభవనంలోని మ్యూజియంలో లోహ విగ్రహాల పోతపని ఎలా సాగుతుందో అంచెలంచెలుగా చూపించారు. పాటన్‌లోని శాక్య కుటుంబాలు మైనపు అచ్చుతో విగ్రహాలు పోసే ఆ విద్యను నేటికీ కొనసాగిస్తున్నాయి.

భక్తపూర్ ఖాట్మండుకు తూర్పున సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1934 భూకంపంలో దర్బారు చౌకులోని గుళ్లు చాలావరకు కూలిపోవడంతో ఆ ఆవరణ ఇప్పుడు కొంత ఖాళీగా కనిపిస్తుంది. యాత్రా బస్సుల్లో వచ్చినవారు దానిని, యాభై అయిదు కిటికీల భవనాన్ని చూసి వెనుదిరగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఊరి ప్రాణమంతా ఆ తర్వాతి సందుల్లోనే ఉంది. తౌమధి చౌకులో 1702లో భూపతీంద్ర మల్లుడు కట్టించిన అయిదంతస్తుల న్యాతపోల మందిరం 1934, 2015 భూకంపాలు రెండింటినీ తట్టుకుని నిలబడింది. మెట్లకు ఇరువైపులా మల్లయోధులు, ఏనుగులు, సింహాలు, ఆపైన మరో రెండు జంటలు కాపలా కాస్తుంటాయి. ఒక్కొక్క జంట కింది జంటకు పదిరెట్ల బలం కలదని స్థానికుల విశ్వాసం. ఇంకొంచెం తూర్పుకు నడిస్తే దత్తాత్రేయ మందిరం వస్తుంది. పిఠాపురం వెళ్లి శ్రీపాద శ్రీవల్లభుని కొలిచే దత్త భక్తులు దీనిని విడిచిపెట్టకూడదు. దాని పక్క సందులోనే, పూజారీ మఠం గోడకు, కొయ్యలో చెక్కిన నెమలి కిటికీ ఉంటుంది.

తిండి విషయంలో నా మొగ్గు భక్తపూర్ వైపే. గేదెపాలతో మట్టి మూకుళ్లలో తోడుపెట్టే జుజు ధౌ అనే తియ్యని గట్టి పెరుగు ఈ ఊరి సొత్తు. మినప్పప్పు రుబ్బి పెనం మీద కాల్చే బారా మన మినపరొట్టెకు దగ్గరి చుట్టం. బియ్యప్పిండితో పలుచగా పోసే చతామరి రెండు ఊళ్లలోనూ దొరుకుతుంది. వీటి మీద గుడ్డు, మాంసం వేయడం పరిపాటి కనుక శాకాహారులు ముందే చెప్పాలి. అటుకులతో వడ్డించే సమయ్ బజిలో సాధారణంగా గేదె మాంసం ఉంటుందన్న సంగతి కూడా తెలిసి ఉండాలి.

చేతిలో ఒక పూట మాత్రమే ఉంటే పాటన్ వెళ్లడమే సరైనది. ఎక్కువ నడవలేని పెద్దవారు వెంట ఉన్నా అదే మేలు. ఒక రాత్రి బస చేయగలిగితే మాత్రం సందేహం లేకుండా భక్తపూర్‌ను ఎంచుకోవాలి. పగటి యాత్రికులు వెళ్లిపోయాక, మళ్లీ తెల్లవారి వాళ్లు రాకముందు, ఊరివారు పూజాపళ్లేలతో గుళ్లకు వెళ్లే వేళల్లోనే అది తన అసలు రూపంలో కనిపిస్తుంది. పైగా మరునాడు ఉదయం ఉత్తరాన కొండ మీది చాంగు నారాయణ ఆలయానికి వెళ్లి, అక్కడ మానదేవుడనే రాజు 464లో వేయించిన శాసన స్తంభాన్ని చూసి, నగరం రద్దీలోకి దిగకుండానే విమానాశ్రయం చేరుకోవచ్చు.