హాల్లో పెట్టిన పర్సనల్ కంప్యూటర్: ఏడేళ్ల వాడకం తర్వాత

2018లో 27 అంగుళాల ఆల్-ఇన్-వన్ (తెరలోనే అన్నీ ఇమిడిన) టచ్ కంప్యూటర్ కొని రాజమండ్రిలో మా హాల్లో పెట్టాను. ఆదివారం పొద్దున్నే డల్లాస్‌లోని చెల్లెలితో ఇంటిల్లిపాదీ మాట్లాడాలని. కంపెనీ పేరు చెప్పను. ఈ తిప్పలు ఆ ఒక్కదానివే కావు.

మొదటి కాల్‌లోనే గొడవ. "అమ్మా, నా మొహం చూసి మాట్లాడవే" అంటుంది చెల్లెలు. "నిన్నే చూస్తున్నా కదే!" అంటుంది అమ్మ. ఇద్దరిదీ నిజమే. కెమెరా తెర పైఅంచున ఉంది, చెల్లెలి మొహం దానికి 17 సెంటీమీటర్ల కింద, తెర మధ్యలో. రెండడుగుల దూరంలో కూర్చుంటే చూపు దాదాపు 16 డిగ్రీలు వాలుతుంది, అవతలివాళ్లకి తల దించుకున్నట్టే. రెండు మీటర్ల దూరానికి జరిగితే 5 డిగ్రీలే. పైగా అడ్డంగా 70 డిగ్రీలు చూసే ఆ కెమెరాకి దగ్గర్లో ఒకటిన్నర మనిషి పడితే, అంత దూరంలో సోఫా మొత్తం పడుతుంది. ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

వెనక్కి జరిగాక మైకు పేచీ పెట్టింది, మా మాటల కన్నా ఫ్యాన్ మోతే ఎక్కువ వినిపించేది. మే నెలలో ఫ్యాన్ ఆపి ఎంతసేపు మాట్లాడతాం? చివరికి బల్ల మీద పెట్టే స్పీకర్‌ఫోన్ విడిగా కొన్నాను. మా అమ్మాయి వీణ వాయిస్తే మాత్రం మధ్యమధ్యలో మాయం. శబ్దాన్ని వడగట్టే సాఫ్ట్‌వేర్ సాగే స్వరాన్ని కూడా ఫ్యాన్ మోతే అనుకుంటుంది. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేశాక బాగుంది.

టచ్ పిల్లలకి సరదా, అంతే. పది వేళ్లు గుర్తుపడుతుంది కానీ ఎవరి వేలో దానికి తెలియదు. ఇద్దరూ మ్యాప్ మీద చెరో చెయ్యి వేస్తే రెండూ ఒకరివే అనుకుని జూమ్ చేసేస్తుంది. ఎవరు తాకారో కుర్చీ ద్వారా కనిపెట్టే డైమండ్‌టచ్ బల్లని మిత్సుబిషి పరిశోధకులు 2001లోనే చేసి చూపించారు. అది ఇళ్లదాకా రాలేదు. రెండు మౌస్‌లు తగిలించినా విండోస్‌లో బాణం ఒకటే.

అసలు ఇబ్బంది పరువుది. బంధువులంతా కాల్‌లో ఉండగా తెర మూలన నా లోన్ వాయిదా మెయిల్ తేలింది. మా బావగారు కళ్లద్దాలు సర్దుకుని మరీ చదివారు. ఆ సాయంత్రమే కంప్యూటర్‌లో "ఇల్లు" అని వేరే యూజర్ అకౌంట్ పెట్టాను, అందులో మెయిల్ లేదు, బ్యాంకు లేదు.

నేనూ ఇలాంటిది కొననా అని మొన్న చెల్లెలు అడిగింది. వద్దన్నాను. ఉన్న ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, కెమెరా, మైకు మంచివి విడిగా కొనుక్కోమన్నాను. కెమెరాని టీవీ పైన కాదు, కిందా కాదు, వీలైతే మా మొహాలు కనిపించే చోటికి ఆనుకుని పెట్టమన్నాను.