లాలాచెరువా, ధవళేశ్వరమా: రెండు చోట్లా కాపురం ఉన్నాక

రాజమండ్రి చుట్టుపక్కల సొంతిల్లు వెతికేవాళ్ళలో చాలామంది చివరికి ఈ రెండు పేర్ల మధ్యే ఊగుతారు. ఊరికి ఈశాన్యాన హైవేని ఆనుకుని లాలాచెరువు, దక్షిణాన బ్యారేజీని ఆనుకుని ధవళేశ్వరం. మొదటిచోట తొమ్మిదేళ్ళు, రెండోచోట పదకొండేళ్ళు కాపురం ఉన్నాక రాస్తున్నది ఇది. బడులు, కూరగాయలు, ఆసుపత్రి, ఆటోలు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, వాటి గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. తేడా అంతా ఇంటికింద నేలలో, ఆ నేలలో నీళ్ళు కదిలే తీరులో ఉంది. కట్టిన ఇల్లు కొనేవారికి లాలాచెరువు మేలు. స్థలం కొని కట్టుకునేవారికి ధవళేశ్వరం మేలు. ఎందుకంటే ధవళేశ్వరం కష్టాలన్నీ పునాది వేసేటప్పుడు పోగొట్టుకోగలిగినవి, గోడలు లేచాక ఎంత డబ్బు పోసినా పోనివి.

ధవళేశ్వరం అంతా ఒకే నేల కాదు. జనార్దనస్వామి కొండ చుట్టూ ఉన్న వీధులు మెరక. కొండ దిగి కాలువల వైపు, పొలాల వైపు వెళ్ళేకొద్దీ పల్లం, ఒండ్రు, నల్లమట్టి. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన చోటు ఇదే, తూర్పు డెల్టా కాలువ ఇక్కడే బయల్దేరి కడియం వైపు సాగుతుంది. డెల్టా మొదలయ్యే చోటున ఇల్లు కొంటున్నామన్న సంగతి కొనేవారు మరిచిపోకూడదు.

వరద అనగానే అందరూ గట్టు గురించే అడుగుతారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు పోయింది. కానీ మామూలు ఏడాదుల్లో పల్లపు వీధుల్లో నిలిచేది నది నీరు కాదు, వాన నీరు. గోదావరి పెరిగినప్పుడు నదిలో కలిసే మురుగు కాలువల తలుపులు దించేస్తారు. దించకపోతే నది నీరే ఎదురు తన్నుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో మూడు నాలుగు గంటలు వాన కొడితే ఆ నీటికి పోయే దారి ఉండదు. అందుకని ఇల్లు చూడటానికి ఆగస్టులో, హెచ్చరిక నడుస్తున్న వారంలో వెళ్ళండి. ఎదురింటి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో అమ్మేవారు చెప్పకపోయినా కనిపిస్తుంది.

తర్వాత చూడాల్సింది రోడ్డుకీ ఇంటి అరుగుకీ ఉన్న ఎత్తు తేడా. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు, ఒక్కో విడతకు అరడుగు దాకా లేస్తుంది. రెండడుగుల అరుగుతో కట్టిన ఇల్లు ఇరవై ఏళ్ళకు రోడ్డుతో సమానమవడం ఈ వీధుల్లో మామూలే. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్లకు వెళ్ళే రోడ్లకు ఆ ముందు పని జరుగుతుంది. టేపు పెట్టి కొలవండి. ఇప్పటి రోడ్డు మీద రెండున్నర అడుగులకు తక్కువుంటే ఆ ఇల్లు వద్దు. కొత్తగా కట్టేవారు మూడున్నర అడుగులు పెట్టుకోవాలి, ముసలివాళ్ళ కోసం మెట్ల పక్కన ర్యాంపుకి చోటు వదులుకోవాలి.

ఇక చెమ్మ. పల్లంలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ప్లింత్ బీమ్ (గోడల కింద, అరుగు మట్టంలో చుట్టూ పోసే కాంక్రీటు దూలం) లేకుండా, దాని మీద నీళ్ళు పీల్చని పొర వేయకుండా లేపిన గోడ కిందినుంచి నీటిని పైకి లాగుతూనే ఉంటుంది. సున్నం పొలుసులుగా రాలుతుంది, తెల్లటి ఉప్పు పొంగుతుంది. దీన్ని దాచడానికి అమ్మేముందు పుట్టీ, రంగు కొట్టిస్తారు, లేదా హాల్లో కూడా మూడడుగుల ఎత్తు దాకా టైల్స్ అతికిస్తారు. బాత్రూమ్ కానిచోట గోడకు టైల్స్ కనిపిస్తే బీరువా వెనక, మెట్ల కింద, పూజగది మూల చెయ్యి పెట్టి చూడండి, ఆ మూలలకు ఎవరూ రంగు వేయించరు. నల్లమట్టి అయితే పగుళ్ళు కూడా చూడాలి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయే పగుల్లో రూపాయి బిళ్ళ అంచు దూరిందంటే పునాది కదిలిందేమోనని అనుమానించాలి. తలుపులు వానాకాలంలో పట్టేసి వేసవిలో వదులయ్యే ఇల్లయినా అంతే. ప్లాస్టరింగ్ సన్నగా వెంట్రుకలా చిట్లడం వేరు, దానికి భయపడొద్దు.

బోరు నీళ్ళ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కాలువ పక్క వీధుల్లో జనవరిలో చేతిపంపు కొట్టినా నీళ్ళు ఉరుకుతాయి. అందులో చాలా వంతు కాలువ ఇంకించిన నీరే. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, అప్పుడు అదే బోరు బురదతో కూడిన నీళ్ళు ఇస్తుంది, లేదా గంటకే గాలి లాగుతుంది. కాలువ కట్టేసి మూడు వారాలు దాటాక, అంటే మే నెలలో, మోటారు రెండు గంటలు ఆపకుండా వేయించి చూడండి. ఇక్కడ ఇనుము కూడా తగులుతుంది. గాజు సీసాలో పట్టి మర్నాటి దాకా ఉంచితే నీరు పసుపెక్కి అడుగున తుప్పు రంగు తేరుతుంది, అలాంటి నీళ్ళతో ఉతికిన తెల్లబట్టలు ఏడాదిలో పాడవుతాయి. నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఇనుమును విడిగా చూపించదు. 500 లోపు చూపించినా సీసా పరీక్ష మానకండి.

సెప్టిక్ ట్యాంకు సంగతి చాలామంది అడగరు. వానాకాలంలో భూగర్భజలం ఇంకుడుగుంత దాకా లేచి ఉంటుంది, ట్యాంకు నీళ్ళు ఇంకవు, మరుగుదొడ్డి నెమ్మదిస్తుంది. ట్యాంకు ఖాళీ చేసే బండి గేటుదాకా వస్తుందా లేదా చూసుకోండి. బోరుకీ ఇంకుడుగుంతకీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి. రెండు మూడు సెంట్ల స్థలంలో అది కుదరడం కష్టం, పొరుగువారి గుంత ఎక్కడుందో కూడా కనుక్కోవాలి.

ఇన్ని చెప్పినా, కొండవైపు మెరక వీధిలో స్థలం దొరికితే ధవళేశ్వరాన్ని మించింది లేదు. మే నెల సాయంత్రం నదిమీది గాలి డాబా మీదికి వస్తుంది, పెరట్లో వేసిన ప్రతి మొక్కా బతుకుతుంది, పెద్దవాళ్ళు రామపాదాల రేవు దాకా నడిచి వెళ్ళి రాగలరు. ఇసుక లారీలు తిరిగే రోడ్డు మీద మాత్రం కొనకండి. రాత్రి దుమ్మూ, అదురూ రెండూ ఇంట్లోకి వస్తాయి.

లాలాచెరువు నేల ఎర్ర గ్రావెల్. ఐదారు అడుగుల లోతుకే గట్టినేల తగులుతుంది, ఇల్లు కుంగదు, గోడ చెమ్మెక్కదు, ఇంకుడుగుంత ఏడాది పొడుగునా పనిచేస్తుంది. పదిహేనేళ్ళ ఇల్లు కూడా ధైర్యంగా కొనొచ్చనేది అందుకే. ఒక్కచోటే జాగ్రత్త: నేల ఏటవాలు కాబట్టి పల్లపు ప్లాట్లను గ్రావెల్ పోసి ఎత్తు చేస్తారు. పొరలు పొరలుగా నీళ్ళు కొట్టి దిమ్మిస చేయకపోతే రెండు వానాకాలాలకు గచ్చు కుంగి టైల్స్ కింద డొల్ల పడుతుంది. కర్రతో నేలను తట్టుకుంటూ గది అంతా తిరగండి, డొల్ల శబ్దం చెవికి తెలిసిపోతుంది.

ఇక్కడి కష్టం నీళ్ళూ, ఎండా, హైవే. బోరు లోతుగా పోవాలి, రాయి తగిలితే పక్క స్థలంలో పడిన నీళ్ళు మీకు పడకపోవచ్చు. ఉన్న బోరు ఎన్ని అడుగులో, మోటారు ఎంత లోతున దించారో, చివరిసారి ఎప్పుడు ఇంకా కిందకు దించారో అడగండి. మూడేళ్ళలో రెండుసార్లు దించారంటే ఆ బోరు అయిపోతోంది. కుళాయి నీళ్ళు వచ్చే వేళలు వేరు, మీకు అవసరమైన వేళలు వేరు కాబట్టి నలుగురున్న ఇంటికి రెండు వేల లీటర్ల సంపు తప్పదు. ఎండకు కాగిన పై అంతస్తు మే నెలలో రాత్రి పదింటికి కూడా చల్లబడదు, డాబామీద కూల్ టైల్స్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. హైవేకి రెండు వీధులు లోపలుంటే హారన్లు చాలావరకు తగ్గుతాయి. పిల్లలు బడికి హైవే దాటాల్సిన వైపు కొనకండి, ఎంత ధర తగ్గించినా సరే. అడవి దగ్గరి కాలనీల్లో పాములు మామూలే, 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు వైపు చిరుత తిరిగి రాత్రిళ్ళు జనం బయటికి రాలేదు. ప్రహరీ, వీధిలైటు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

కాగితాలు. ధవళేశ్వరం పాత దస్తావేజుల్లో సెంట్లు ఉంటాయి, లాలాచెరువు లేఅవుట్లలో గజాలు. సెంటంటే 48.4 గజాలు, ఐదు సెంట్లంటే 242. ధర పోల్చేముందు ఒకే లెక్కలోకి మార్చుకోండి. కాలువ గట్ల పక్కన ప్రభుత్వ భూమి ఎక్కువ కాబట్టి ధవళేశ్వరంలో సర్వే నంబరు 22-ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోకుండా బయానా ఇవ్వొద్దు. లాలాచెరువు వైపు లేఅవుట్‌కి అనుమతి ఉందా, ప్లానులో పార్కుగా చూపించిన చోటు ప్లాటుగా మారిందా చూడాలి. రెండు చోట్లా 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులు (అంతకు ముందు చేతులు మారినప్పటివి) తప్పనిసరి. సర్వేయరును పెట్టి నాలుగు వైపులా కొలిపించండి. ధవళేశ్వరం పాత వీధుల్లో కాగితం మీది స్థలానికీ నేలమీది స్థలానికీ తేడా తరచుగా వస్తుంది, ధర నేలమీద కొలిచినదానికే మాట్లాడుకోవాలి.