డార్క్‌వుడ్, వరల్డ్ ఆఫ్ హారర్: ఏ భయం కావాలి?

రెండూ పోలండ్‌లో తయారైన హారర్ వీడియో గేములే. రెండూ సగం తయారై ఉండగానే ఎర్లీ యాక్సెస్‌లో జనం చేతికొచ్చాయి. డార్క్‌వుడ్ 2014లో అలా మొదలై 2017లో పూర్తయింది. వరల్డ్ ఆఫ్ హారర్‌కి 2020 నుంచి 2023 దాకా పట్టింది.

డార్క్‌వుడ్‌ని పైనుంచి చూస్తూ ఆడతాం. మన పాత్ర ఎటు తిరిగితే అటే కనిపిస్తుంది, వీపు వెనక ఏముందో తెలీదు. పగలంతా అడవిలో చెక్కలు, పెట్రోలు వెతుక్కోవాలి. చీకటి పడితే కిటికీలకు చెక్కలు కొట్టి, జనరేటర్ వేసి, ఓ మూల నక్కాలి. పక్కగదిలో ఏదో కదులుతుంది. లేచి చూడాలా, వద్దా? ఆ టెన్షనే అసలు ఆట. ఉన్నట్టుండి మొహం మీదకి ఏదీ దూకదు, దూకితేనే నయమనిపిస్తుంది.

వరల్డ్ ఆఫ్ హారర్ ప్రధానంగా ఒక్కడి పని, అతనేమో పళ్ల డాక్టరు! బొమ్మలన్నీ ఎంఎస్ పెయింట్‌లో గీశాడు. జపాన్‌లోని ఓ ఊళ్లో చిన్న చిన్న మిస్టరీలు ఛేదిస్తుంటే, తెర పక్కన వినాశనం ఎంత దగ్గరపడిందో చూపే శాతం పెరుగుతూ ఉంటుంది. వంతులవారీ పోరాటం కాబట్టి ఆలోచించుకునే తీరిక ఉంటుంది. బొమ్మలు మాత్రం కళ్లు మూసుకున్నా వదలవు.

వింత మనుషుల విషయంలో డార్క్‌వుడ్‌ని తయారుచేసిన ముగ్గురూ తక్కువేం కాదు. డబ్బుల్లేనివాళ్లు ఆడుకోండంటూ తమ ఆటను తామే టొరెంట్‌లో పెట్టేశారు.

గంట తీరిక దొరికితే నేను రెండోదే తెరుస్తాను. డార్క్‌వుడ్‌కి హెడ్‌ఫోన్స్, ఖాళీ రాత్రి, కాస్త మొండితనం కావాలి.